టెక్సస్‌లో మొదటి పిస్టల్: తక్కువ బడ్జెట్‌లో, వెంట ఉంచుకోవడానికి ఏది కొనాలి, ఎలా కొనాలి

గ్రీన్ కార్డు చేతికొచ్చిన కొత్తలో ఫోన్ చేసి, "అన్నా, ఒక పిస్టల్ కొనాలి, చిన్నది, చవకది, ఏది తీసుకోమంటావు?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కొందరికి గ్యాస్ స్టేషన్ ఉంటుంది. రాత్రి 11 దాటాక గల్లా కట్టేసి, డబ్బు సంచితో ఒంటరిగా కారు దాకా నడవాలి. కొందరు నైట్ షిఫ్ట్ నర్సులు. కొందరికి పక్క వీధిలో దొంగతనం జరిగిందని భయం. కారణం ఏదైనా, మనలో చాలామంది ఆంధ్రాలోనో తెలంగాణలోనో పుట్టి పెరిగి, పోలీసు నడుముకు తప్ప తుపాకీని ఇంకెక్కడా దగ్గరగా చూడనివాళ్ళం. అందుకే ఇక్కడ అన్నీ మొదటి నుంచి చెబుతాను. నేనుండేది టెక్సస్‌లో కాబట్టి చట్టాల మాట వచ్చిన చోట టెక్సస్ సంగతే రాస్తాను. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్ళకి పిస్టల్ ఎంపిక గురించి చెప్పిన మాటలు పనికొస్తాయి కానీ చట్టం పూర్తిగా వేరు.

నేను మొదట కొన్న పిస్టల్ తప్పు పిస్టల్. దుకాణంలో కౌంటర్ దగ్గరున్నాయన 380 క్యాలిబర్ (క్యాలిబర్ అంటే తూటా సైజు) బుల్లి పిస్టల్ ఒకటి నా చేతిలో పెట్టి, "జేబులో పడిపోతుంది, కొత్తవాళ్ళకి ఇదే బెస్ట్" అన్నాడు. ధర 300 డాలర్ల లోపే ఉండేసరికి సంబరపడి తెచ్చుకున్నాను. షూటింగ్ రేంజ్‌లో (కాల్చడం ప్రాక్టీసు చేసే చోటు) మొదటి మ్యాగజైన్ (పిడిలోకి దూర్చే తూటాల డబ్బా) అయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. పిట్ట కొంచెం, కూత ఘనం. మూడో మ్యాగజైన్‌కి తూటా పేలకముందే కళ్ళు మూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు వదిలించుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఆ పిస్టల్‌ని సగం ధరకి అమ్మేశాను. మీకు ఆ నష్టం రాకూడదు.

మొదటి అడుగు: మీకు అసలు అర్హత ఉందా?

దీన్ని తొందరగా దాటేయకండి. మనవాళ్ళు జైలు దాకా వెళ్ళే ప్రమాదం ఉన్నది ఇక్కడే.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఎఫ్-1, ఓపీటీ, హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, బి-2 అన్నీ ఇందులోకే వస్తాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటిని పట్టుకుని సొంత తెలివితో ముందుకు పోకండి. తేడా వస్తే 15 ఏళ్ళ దాకా శిక్ష పడొచ్చు, ఆపైన దేశం నుంచి పంపేస్తారు. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) తెచ్చుకున్నంత మాత్రాన అర్హత వచ్చేసిందని అనుకోవద్దు. గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఆగండి. మన క్యూ ఎంత పొడుగో నాకు తెలుసు, అయినా ఆగండి.

"దగ్గర పెట్టుకోవడం" అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా అందులోకే వస్తుంది. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన బావమరిదిని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి పిస్టల్ చేతిలో పెడితే ఆయన చట్టం తప్పినట్టే. స్టోర్‌లో కౌంటర్ కింద ఓనర్ పిస్టల్ ఉంటే, ఎఫ్-1 మీద ఉన్న స్టూడెంట్ దాన్ని తీసి పక్కన పెట్టినా అంతే. స్టోర్ ఓనర్లకి నా విన్నపం ఒక్కటే: మీ రక్షణ కోసం ఒక పిల్లవాడి భవిష్యత్తును పణంగా పెట్టకండి. పిస్టల్ మీ ఒంటి మీదైనా ఉండాలి, తాళంలోనైనా ఉండాలి.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకి కూడా కొన్ని అడ్డంకులున్నాయి. పెద్ద నేరంలో శిక్ష పడ్డా, గృహహింస కేసులో చిన్న శిక్ష పడ్డా కొనకూడదు. కొన్ని రాష్ట్రాల్లో గంజాయికి అనుమతి ఉన్నా, వాడేవాళ్ళకి, కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారంలో అదీ అడ్డే. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనడానికి 21 ఏళ్ళు నిండి ఉండాలన్నది మామూలుగా నడిచే రూలు.

రెండో అడుగు: ఇంట్లో పరిస్థితి చూసుకోండి

ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌తో బాధపడుతుంటే, ఉద్యోగం పోయో కాపురం దెబ్బతినో ఎవరి మనసైనా కుదురుగా లేకపోతే, ఇప్పుడు కొనకండి. అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అలాంటి సమయంలో 988కి ఫోన్ చేస్తే ఎప్పుడైనా మాట్లాడేవాళ్ళుంటారు.

పిల్లలుంటే, పిస్టల్ కంటే ముందు తాళం పెట్టె ఇంటికి రావాలి. నేనైతే ఇదే వరసలో కొనమంటాను. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే, అది పిల్లవాడి చేతికి చిక్కినప్పుడు పెద్దవాళ్ళ మీద కేసవుతుంది. బీరువా పైఅర, పరుపు కింద, చీరల మడతల్లో అంటే కుదరదు. పిల్లలు అన్నీ వెతుకుతారు. మంచం పక్కన చిన్న స్టీలు పెట్టె, నాలుగైదు బటన్ల కోడ్‌తో తెరుచుకునేది, 45 డాలర్ల నుంచి దొరుకుతుంది. దానితో వచ్చే కేబుల్‌ని మంచం కోడుకి చుట్టి బిగించండి. కోడ్ పుట్టినరోజు పెట్టకండి. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి మీతో ఉంటే వాళ్ళకి కూడా కోడ్ చెప్పకండి. నమ్మకం లేక కాదు, వాళ్ళ వీసా వల్ల.

మూడో అడుగు: మొత్తం లెక్క వేయండి

బడ్జెట్ అనగానే అందరూ పిస్టల్ ధరే చూస్తారు. నా చేతి లెక్క ఇది, ధరలు ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. 330 డాలర్ల పిస్టల్ టాక్స్‌తో కలిపి 357 అవుతుంది. కొనకముందు రెండుసార్లు రేంజ్‌కి వెళ్ళి అద్దె పిస్టళ్ళు కాల్చి చూడటానికి 90. హోల్‌స్టర్ (పిస్టల్‌ని నడుము దగ్గర పెట్టుకునే ఒర) 55, గట్టి బెల్టు 40, తాళం పెట్టె 45. ప్రాక్టీసుకి 300 తూటాలు 84, వెంట ఉంచుకునే రకం తూటాలు రెండు పెట్టెలు 50. చెవులకీ కళ్ళకీ రక్షణ 30. క్లాసు, లైసెన్స్ కలిపి 100. మొత్తం 851 డాలర్లు. ఇందులో పిస్టల్ వాటా నూటికి 42 మాత్రమే.

అంటే చేతిలో 600 ఉన్నాయని 600 పిస్టల్ కొంటే, అది డ్రాయర్‌లో పడుంటుంది. హోల్‌స్టర్ ఉండదు, తూటాలుండవు, కాల్చడం రాదు. 300 పిస్టల్ కొని మిగతాది ప్రాక్టీసు మీద పెట్టినవాడు ఇతని కంటే ఎన్నో రెట్లు భద్రంగా ఉంటాడు. డబ్బు సరిపోకపోతే రెండు నెలలు ఆగి కొనండి. హోల్‌స్టర్, తాళం పెట్టె దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు.

నాలుగో అడుగు: క్యాలిబర్

9 ఎంఎం తీసుకోండి. తూటా చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పిస్టళ్ళు ఎక్కువ రకాలున్నాయి, కిక్ (పేలినప్పుడు పిస్టల్ చేతిని వెనక్కి తన్నే దెబ్బ) ఓర్చుకోగలిగేంతే. ఎఫ్‌బీఐ కూడా మధ్యలో 40 క్యాలిబర్‌కి వెళ్ళి, పదేళ్ళ కిందట మళ్ళీ 9 ఎంఎంకే తిరిగొచ్చింది. మణికట్టు నొప్పి, కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి మాత్రం 380 క్యాలిబర్ ఆలోచించొచ్చు. అదైనా బుల్లి పిస్టల్‌లో కాదు, కాస్త పెద్ద పిస్టల్‌లో.

ఐదో అడుగు: సైజు

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పిస్టల్ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుంది. తూటా బలం మారదు, దాన్ని ఆపే బరువే తగ్గుతుంది. రూగర్ ఎల్‌సీపీ మాక్స్ అనే 380 బుల్లి పిస్టల్ బరువు 300 గ్రాములు. సిగ్ పి365 సుమారు 500 గ్రాములు. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ 570 గ్రాములు దాటుతుంది. గ్లాక్ 19 అయితే 670 దాకా. మొదటిది ప్యాంటు జేబులో దాగుతుంది, చివరిది దాచాలంటే మంచి బెల్టు, వదులు చొక్కా కావాలి. కానీ కొత్తవాళ్ళు గ్లాక్ 19తో గంటలో నేర్చుకునేది ఎల్‌సీపీతో నెలరోజులైనా పట్టుబడదు. మధ్యలో ఉన్న రెండూ మొదటిసారి కొనేవాళ్ళకి సరిగ్గా సరిపోయే సైజు. 2018లో పి365 రాకముందు ఇంత చిన్న 9 ఎంఎం పిస్టల్‌లో ఆరేడు తూటాలే పట్టేవి. అది 10 పట్టించింది. దాంతో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి, అది మన అదృష్టం.

దాచడంలో చాలామంది పొరపడే విషయం ఇంకొకటుంది. బ్యారెల్ (తూటా బయటికొచ్చే గొట్టం) పొడుగైనంత మాత్రాన పిస్టల్ బయటికి కనబడదు, ఎందుకంటే అది ప్యాంటు లోపలికి దిగిపోతుంది. చొక్కా వెనకాల ఉబ్బెత్తుగా కనిపించేది పిడి అడుగుభాగం. కాబట్టి రెండు పిస్టళ్ళ మధ్య తేల్చుకోలేకపోతే పిడి పొడవు కొలిచి చూడండి. పిడి మరీ పొట్టిదైనా కష్టమే, చిటికెన వేలు గాలిలో వేలాడుతుంది, పట్టు సగమైపోతుంది. కొన్ని మ్యాగజైన్ల అడుగున చిన్న అంచు వస్తుంది, చిటికెన వేలు దాని మీద నిలుస్తుంది. అలాంటిది అడగండి.

ఆడవాళ్ళకి కౌంటర్ల దగ్గర తరచూ చిన్న రివాల్వర్ అంటగడతారు, గులాబీ రంగు పిడితో సహా. "ఇందులో గొడవేం లేదమ్మా, ట్రిగ్గర్ నొక్కడమే" అంటారు. స్మిత్ అండ్ వెసన్ 642 లాంటి ఐదు తూటాల రివాల్వర్ నమ్మకమైనదే, కాదనను. కానీ దాని ట్రిగ్గర్ నొక్కాలంటే సుమారు 12 పౌండ్ల బలం కావాలి, మామూలు 9 ఎంఎం పిస్టల్‌కి అందులో సగం చాలు. బరువేమో 400 గ్రాములే, కిక్ గట్టిగా ఉంటుంది. బాగా అలవాటున్న చేతికి అది మంచి ఆయుధం, మొదటి పిస్టల్‌గా మాత్రం కష్టం. మీ ఆవిడ కోసం మీరు ఎంపిక చేయకండి. ఆమె చేతికి ఏది కుదురుతుందో ఆమే కాల్చి చూసి చెప్పాలి.

ఆరో అడుగు: రేంజ్‌కి వెళ్ళి కాల్చి చూడండి

అద్దె పిస్టళ్ళు ఉన్న రేంజ్‌కి వారం మధ్యలో, జనం తక్కువ ఉన్నప్పుడు వెళ్ళండి. మొదటిసారి అని చెప్పండి, సిగ్గుపడకండి. నాలుగు సూత్రాలు నోటికి రావాలి: ప్రతి తుపాకీ లోడ్ అయి ఉన్నట్టే భావించాలి. కాల్చకూడని దేని వైపూ తుపాకీ మూతి (తూటా బయటికొచ్చే కొస) తిప్పకూడదు. గురి పెట్టి కాల్చాలని నిశ్చయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. మీ గురి ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలిసి ఉండాలి.

పిస్టల్ చేతికొచ్చాక మూతి ముందుకే ఉంచి మ్యాగజైన్ తీయండి. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) వెనక్కి లాగి ఆపి, చాంబర్‌లోకి (పేలబోయే తూటా కూర్చునే చోటు) తొంగి చూడండి, చిటికెన వేలి కొన లోపల పెట్టి తడమండి. కన్ను పొరపడినా వేలు పొరపడదు. ఈ పని జీవితాంతం, ఎవరు ఇచ్చినా, "ఖాళీగా ఉంది" అని వాళ్ళు చెప్పినా చేయాలి.

ఇప్పుడు పిడి పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం పిడి వెనక భాగంలో వీలైనంత పైకి వెళ్ళాలి. పిస్టల్ మూతి మీ ముంజేతికి సూటిగా ఉందా చూడండి. చూపుడువేలి చివర మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యకు అందాలి. అందడానికి చేతిని పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ మీకు పెద్దది.

స్లైడ్ లాగలేక చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, "నా వల్ల కాదు" అని వదిలేస్తారు. బలం చాలక కాదు, పద్ధతి తెలియక. బిగుసుకుపోయిన పచ్చడి సీసా మూత తీసేటప్పుడు చేతులు చాచి తీయం కదా, ఛాతీకి దగ్గరగా పెట్టుకుని తీస్తాం. ఇదీ అలాగే. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చి, మూతి మాత్రం రేంజ్ ముందుకే ఉంచి, ఎడమ అరచేతిని స్లైడ్ మీద బోర్లించి గట్టిగా పట్టుకోండి. ఎడమ చెయ్యి కదపకుండా కుడి చేత్తో పిస్టల్‌ని ముందుకు తొయ్యండి. భుజం బలమంతా పనిచేస్తుంది. అప్పటికీ కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అడగండి, స్లైడ్ తేలిగ్గా కదిలేలా తయారు చేసిందది.

7 గజాల దూరంలో పేపర్ ప్లేట్ అంత గురి పెట్టుకోండి. ప్రతి పిస్టల్‌తో ఐదేసి తూటాలు, నిదానంగా. ఏ పిస్టల్‌తో ఐదూ ప్లేట్‌లో పడ్డాయో, చివరి తూటా అయ్యాక కూడా "ఇంకో ఐదు కాల్చాలి" అనిపించిందో అదే మీ పిస్టల్. చెయ్యి నొప్పి పుట్టించిన దానితో మీరు ప్రాక్టీసు చేయరు, నా అనుభవంలో ఇది ఖాయం.

ఏడో అడుగు: ఏ మోడల్

250 నుంచి 300 మధ్య అయితే టారస్ జి3సి. 12 తూటాల మ్యాగజైన్, బొటనవేలితో నొక్కే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) ఉంటాయి. ట్రిగ్గర్ అంత నునుపుగా ఉండదు, పని మాత్రం చేస్తుంది. కొత్తగా పెట్టెలోంచి తీసినప్పుడు ఎక్కువ తూటాలు కాల్చి పరీక్షించాకే నమ్మండి. ఆ ధరకి కాస్త పైన రూగర్ సెక్యూరిటీ-9 కాంపాక్ట్ దొరుకుతుంది.

400 దాకా పెట్టగలిగితే నా సలహా సూటిగా షీల్డ్ ప్లస్. 2021లో వచ్చింది, 10 తూటాల మ్యాగజైన్, 13 తూటాల మ్యాగజైన్ రెండూ దొరుకుతాయి, పిడి గరుకుగా ఉండి చేతిలో జారదు, పండగల సీజన్ సేల్‌లో ధర బాగా దిగుతుంది. గ్లాక్ 43ఎక్స్, పి365 ఇంకాస్త ఎక్కువవుతాయి. చెయ్యి వాటికి కుదిరితే తీసుకోండి, కుదరకపోతే పేరు కోసం కొనకండి.

200లోపు దొరికే హై-పాయింట్ సి9 కూడా ఒకటుంది. పేలడం పేలుతుంది గానీ, 800 గ్రాములు దాటిన బరువూ మందమూ నడుముకు కట్టుకుని తిరగడానికి పనికిరావు.

పాతవి కొనడం మంచి దారే. ఒకసారి కొని, డ్రాయర్‌లో పెట్టి, పెట్టెతో సహా తిరిగి అమ్మేసేవాళ్ళు చాలామంది. బ్యారెల్ లోపల లైటు వేసి చూడండి, ఉబ్బు గానీ తుప్పు గుంటలు గానీ ఉండకూడదు. సీరియల్ నంబర్ గీకినట్టుంటే అక్కడి నుంచి వెంటనే వచ్చేయండి. పోలీసు డిపార్ట్‌మెంట్లు మార్చేసిన పాత గ్లాక్‌లు చవగ్గా వస్తాయి, వాటిలో చాలావరకు 40 క్యాలిబర్, చూసుకోండి. టెక్సస్‌లో తెలియని మనిషి దగ్గర నేరుగా కొనడం చట్టం ఒప్పుకుంటుంది. అయినా ఆ పిస్టల్ ఎక్కడో దొంగిలించిందైతే మీ పని ఏమవుతుందో ఆలోచించండి. ఒక డీలర్ దగ్గరకు ఇద్దరూ వెళ్ళి, 20 నుంచి 40 డాలర్ల ఫీజు కట్టి, ఆయన చేత రికార్డు చేయించుకోండి.

ఎనిమిదో అడుగు: కొనే రోజు

ఫారం 4473 అని ఒకటి ఇస్తారు, కొనేవాళ్ళ వివరాలు, అర్హత అడిగే ఫెడరల్ ఫారం ఇదే. ఇందులో మనవాళ్ళు తడబడే చోట్లు మూడున్నాయి. మొదటిది పేరు. ఇంటిపేరు ముందా వెనకా, ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడిందా అనే గొడవ మనందరికీ ఉన్నదే. డ్రైవింగ్ లైసెన్స్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. మధ్య పేరు లేకపోతే ఎన్ఎంఎన్ అని, మధ్యలో పొడి అక్షరం మాత్రమే ఉంటే దాని పక్కన ఐఓ అని రాయాలి. రెండోది అడ్రస్. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోకపోతే వెనక్కి పంపొచ్చు. మూడోది, "అమెరికా పౌరసత్వం వదులుకున్నారా" అనే ప్రశ్న. ఇండియా పౌరసత్వం వదులుకుని ఇక్కడి పౌరులైనవాళ్ళు కంగారుపడి అవును అని పెట్టేస్తారు. అడిగింది అమెరికా పౌరసత్వం గురించి, జవాబు కాదు. గ్రీన్ కార్డు వాళ్ళు కార్డు మీదున్న ఏ-నంబర్ వేయాలి, కార్డు వెంట తీసుకెళ్ళండి.

డీలర్ ఎఫ్‌బీఐకి వివరాలు పంపుతాడు. చాలామందికి నిమిషాల్లో ఓకే వస్తుంది. కొందరికి "డిలేడ్" అని వస్తుంది, ఒకే పేరున్నవాళ్ళు ఎక్కువమంది ఉన్నప్పుడు ఇలా అవుతుంటుంది. మూడు పనిదినాలు ఆగాల్సి రావచ్చు, టెన్షన్ పడకండి.

హెచ్-1బీ మీదున్న స్నేహితుడి డబ్బుతో, అతని కోసం, మీ పేరు మీద కొనకండి. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022 నుంచి దానికి 15 ఏళ్ళ దాకా శిక్ష ఉంది.

తొమ్మిదో అడుగు: హోల్‌స్టర్, బెల్టు

హోల్‌స్టర్ చేయాల్సిన పని ఒక్కటే, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పి ఉంచడం. మీ పిస్టల్ మోడల్‌కే అచ్చు పోసిన కైడెక్స్ ప్లాస్టిక్ హోల్‌స్టర్ తీసుకోండి. పిస్టల్ లోపలికి దిగినప్పుడు "టిక్" మని శబ్దం వస్తుంది, తిరగేసినా జారిపడదు. 15 డాలర్ల మెత్తటి గుడ్డ హోల్‌స్టర్లు అన్ని పిస్టళ్ళకీ సరిపోతాయంటారు, అంటే దేనికీ సరిపోవని అర్థం. అవి లోపలికి ముడుచుకుపోయి ట్రిగ్గర్‌ని నొక్కగలవు.

పిస్టల్ తిరిగి లోపల పెట్టేటప్పుడు తొందరపడకండి. తలవంచి చూడండి. చొక్కా అంచు, ప్యాంటు తాడు, చున్నీ కొస, వీటిలో ఏది ట్రిగ్గర్ మధ్యలో ఇరుక్కున్నా పేలిపోతుంది. చున్నీ వేసుకునేవాళ్ళు దాన్ని రెండో భుజం మీదకు లాగేశాకే పెట్టండి. పొడుగు కుర్తీ, జీన్స్ కలిపి వేసుకుంటే పిస్టల్ చక్కగా దాగుతుంది. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం నాకు నచ్చదు. బ్యాగు కుర్చీ మీద పెట్టి మరిచిపోతాం, పిల్లలు చాక్లెట్ కోసం అందులోనే చెయ్యి పెడతారు.

మొదటి రెండు వారాలు ఖాళీ పిస్టల్‌తో ఇంట్లోనే తిరగండి. సోఫాలో కూర్చోండి, వంగి బూట్లు కట్టుకోండి, కారు ఎక్కి దిగండి. ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎక్కడ చొక్కా పైకి లేస్తుందో తెలుస్తుంది.

పదో అడుగు: నమ్మకం కుదిరేదాకా కాల్చండి

మామూలు ప్రాక్టీసు తూటాలు 200, వెంట ఉంచుకునే హాలో పాయింట్ తూటాలు కనీసం 20, ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా పేలాలి. అప్పటిదాకా బయటికి తీసుకెళ్ళకండి. హాలో పాయింట్ ఎందుకంటే, తగిలాక అది విచ్చుకుని ఆగుతుంది, మామూలు తూటా దూసుకుపోయి వెనకాల ఉన్న మనిషికి తగలొచ్చు. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ మంచివి. న్యూజెర్సీలో హాలో పాయింట్ మీద ఆంక్షలున్నాయి. కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో పది తూటాలు దాటిన మ్యాగజైన్ కుదరదు, అక్కడ ఉండేవాళ్ళు ముందే చూసుకోండి.

ఖర్చు లేని ప్రాక్టీసు ఒకటుంది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి, చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, గోడ మీద చిన్న స్టిక్కర్‌కి గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. ఆ గోడ అవతల మనుషులుండే గది ఉండకూడదు. గురి కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం చేతికి రావాలి. రోజుకి పది నిమిషాలు చాలు. నా కళ్ళు మూసుకునే అలవాటు పోయింది దీనితోనే.

పదకొండో అడుగు: లైసెన్స్, బోర్డులు

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 నిండి, అర్హత ఉన్నవాళ్ళకి లైసెన్స్ లేకుండానే వెంట ఉంచుకునే వీలుంది. అయినా ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ, అంటే వెంట ఉంచుకునే లైసెన్స్) తీసుకోండి. ఫీజు 40 డాలర్లు, క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు. 50 తూటాల పరీక్ష 3, 7, 15 గజాల దూరాల్లో ఉంటుంది, 250కి 175 వస్తే పాస్. లైసెన్స్ ఉంటే పక్క రాష్ట్రాల్లో చాలాచోట్ల చెల్లుతుంది, కొత్త పిస్టల్ కొనేటప్పుడు ఎఫ్‌బీఐ చెక్ కోసం ఆగక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు కాల్చకూడదో ఆ క్లాసులో తెలుస్తుంది.

తలుపు దగ్గర 30.05, 30.06, 30.07 నంబర్లతో ఉండే, తుపాకీ తేవద్దని చెప్పే బోర్డులు చూడటం అలవాటు చేసుకోండి. ఎర్ర అక్షరాల్లో 51 శాతం అని ఉంటే అది బార్, లోపలికి తీసుకెళ్ళకూడదు. స్కూళ్ళు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, పోస్టాఫీసు కూడా అంతే. గుడికి కూడా 30.06 లాంటి బోర్డు పెట్టుకునే హక్కుంది, పెడితే గౌరవించండి. ఆఫీసు పాలసీ ఒప్పుకోకపోతే కారులో తాళం వేసి ఉంచే వీలు టెక్సస్ చట్టం ఇస్తుంది, కానీ గ్లవ్ బాక్స్‌లో కాదు, సీటుకి కేబుల్‌తో కట్టిన చిన్న పెట్టెలో పెట్టండి. కార్లలోంచి దొంగలు ఎత్తుకుపోయే పిస్టళ్ళే రేపు ఇంకెక్కడో పేలేవి. మందు తాగే రోజు పిస్టల్ ఇంట్లోనే ఉండాలి. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఉంచి, లైసెన్స్ అడిగినప్పుడు ఎల్‌టీసీ కూడా ఇచ్చి, పిస్టల్ ఎక్కడుందో నోటితో చెప్పండి, చేత్తో చూపించబోకండి.

చివరి అడుగు: ఇండియా ప్రయాణం

రేంజ్‌కి వాడే బ్యాగు రేంజ్‌కే ఉండాలి. దాన్ని పిల్లల స్కూలుకి గానీ ఎయిర్‌పోర్ట్‌కి గానీ వాడకండి. డల్లాస్ ఎయిర్‌పోర్ట్‌లో చెకింగ్ దగ్గర పిస్టల్‌తో దొరికిపోయేవాళ్ళు ప్రతి ఏడూ వందల్లో ఉంటారు, దాదాపు అందరూ "మరిచిపోయాను" అనేవాళ్ళే. జరిమానా వేలల్లో ఉంటుంది. ఇండియాలో సంగతి ఇంకా తీవ్రం. బ్యాగు మూలలో ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. తెలిసి తెచ్చింది కాదని తేలాక హైకోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలున్నాయి, కానీ అప్పటిదాకా తిరగాల్సిన తిరుగుడు, పోయే సెలవులు, ఇంట్లో పెద్దవాళ్ళ ఏడుపు మీరు భరించాలి.

టికెట్ బుక్ అయిన రోజే సూట్‌కేసులు, బ్యాక్‌ప్యాక్, జాకెట్ జేబులు అన్నీ బోర్లించి దులపండి. బ్యాక్‌ప్యాక్ అడుగున కుట్టు దగ్గర ఒక మడత ఉంటుంది, చిల్లర నాణేలు జారి చేరే చోటు. అక్కడ వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడమండి.